విశాఖలో స్థానిక చరిత్ర సంఘం: మొదటి రిజిస్టరు నుంచి సంచిక దాకా

వాట్సాప్‌లో విశాఖ పాత ఫోటోలకు కరువు లేదు. "1920 నాటి వాల్తేరు బీచ్" అని ఒకటి వస్తుంది, అందరూ దండాలు, చప్పట్లు పెడతారు. ఎవరు తీశారు, ఎవరింట్లోది, 1920 అని ఎవరు తేల్చారు అని అడిగితే గ్రూపు మొత్తం గప్‌చుప్. ఆ ప్రశ్నలకు ఓపిగ్గా జవాబులు వెతికి, దొరికినవి దొరికినట్టు రాసి పెట్టేదే స్థానిక చరిత్ర సంఘం. డిగ్రీ అక్కర్లేదు. ఓపిక, ఒక రిజిస్టరు, తోడుగా కొందరు మనుషులు ఉంటే చాలు.

చాలా సంఘాలు పని తలకిందులుగా మొదలుపెడతాయి. ముందు ప్రారంభ సభ, శాలువాలు, బౌద్ధయుగం మీద ఒక ఉపన్యాసం, తర్వాత బావికొండకు బస్సు. ఏడాది తిరిగేసరికి బ్యానరు మిగులుతుంది. నా లెక్క వేరు: ముందు పోయేదాన్ని ముందు పట్టుకోవాలి. చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీ కాగితాలు వచ్చే ఏడాది కూడా అక్కడే ఉంటాయి. స్టీల్ ప్లాంటు కింద పోయిన ఊళ్ళో పుట్టి పెరిగిన ఎనభై ఏళ్ళ పెద్దాయన ఉంటాడని ఎవరూ హామీ ఇవ్వలేరు. అందుకే ముందు మనుషులు, ఆ తర్వాత వీధులు, సమాధులు, తర్వాత ఇళ్ళలోని కాగితాలు, ఆఖర్న సర్కారు రికార్డులు. ఈ మార్గదర్శి కూడా ఆ వరసలోనే ఉంది.

మొదటి పని: ఏడుగురు మనుషులు, ఒక హద్దు

ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 ప్రకారం సంఘం పెట్టడానికి కనీసం ఏడుగురు ఉండాలి. ఆ ఏడుగురినీ స్నేహం చూసి కాకుండా పని చూసి ఎంచుకోండి. రెవెన్యూ కాగితం చదవగలిగిన ఒక రిటైర్డ్ ఉద్యోగి, పోర్టులోనో రైల్వేలోనో పనిచేసినవారు ఒకరు, లెక్కలు రాసేవారు ఒకరు, ఫోను, స్కానరు వాడటం బాగా వచ్చిన కుర్రాళ్ళు ఇద్దరు ఉండాలి. ఆడవాళ్ళు కనీసం ఇద్దరు తప్పనిసరి. మగవాళ్ళం వెళ్తే వాకిట్లో కుర్చీ వేసి కాఫీ ఇచ్చి పంపేస్తారు. అసలు కబుర్లు వంటింట్లోనే ఉంటాయి.

తర్వాత హద్దు. "విశాఖ చరిత్ర" అంటే ఎక్కడి దాకా? 1907 గెజిటీరు (సర్కారు వేసిన జిల్లా వివరాల పుస్తకం) నాటి విశాఖపట్నం జిల్లాలో జయపురం జమీందారీ కూడా ఉంది. అది 1936లో ఒడిశాకు పోయింది. 1950లో శ్రీకాకుళం, 1979లో విజయనగరం, 2022లో అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాలు విడిపోయాయి. అంతా నెత్తికెత్తుకుంటే ఏదీ పూర్తి కాదు. వన్‌టౌన్ ఒక్కటే తీసుకోండి, లేదా భీమిలి, లేదా గాజువాక చుట్టూ ఉన్న నిర్వాసిత కాలనీలు. ఒక పేట పని కొలిక్కి వచ్చాక రెండోది.

రిజిస్ట్రేషన్‌కు తొందర లేదు. ఆరు నెలలు పనిచేసి చూడండి. మిగిలినవాళ్ళతో ఉద్దేశపత్రం, నియమావళి రాసుకుని జిల్లా రిజిస్ట్రారు దగ్గరకు వెళ్ళండి. ఆ తర్వాత పాన్ కార్డు, ఇద్దరి సంతకాలతో నడిచే బ్యాంకు ఖాతా. ఏటా సర్వసభ్య సమావేశం అయ్యాక కార్యవర్గం జాబితాను రిజిస్ట్రారుకు పంపాలి. చాలామంది మరిచిపోయేది ఇదే.

రెండో పని: రిజిస్టరు

సంఘం ప్రాణం ఇందులో ఉంది. గట్టి అట్ట ఉన్న లాంగ్‌బుక్ ఒకటి కొనండి. కంప్యూటర్లో కూడా అదే పట్టిక పెట్టుకోండి, కానీ పుస్తకం మానొద్దు. మీ దగ్గరకు వచ్చిన ప్రతి ఫోటోకు, కాగితానికి, రికార్డింగుకు ఒక నంబరు. నంబరు ఒకసారి ఇచ్చాక మార్చకూడదు, ఖాళీ అయినా ఇంకోదానికి ఇవ్వకూడదు. ప్రతి నమోదులో మూడు సంగతులు విడివిడిగా ఉండాలి: వస్తువు మీద ఏముంది, ఇచ్చినవారు ఏం చెప్పారు, మనం ఏం తేల్చాం.

ఉదాహరణకు ఇలా ఉంటుంది:

"ఫో-14. నలుపు తెలుపు ఫోటో, పోస్టుకార్డు సైజు, కింది కుడి మూల చిరిగింది. ఓడ, ముందు జనం. వెనక నీలం సిరాతో 'జలఉష' అని మాత్రమే రాసి ఉంది. ఇచ్చినవారి మాట: నాన్నగారు షిప్‌యార్డులో పనిచేసేవారు, నెహ్రూ గారు వచ్చిన రోజు తీసింది. మా పరిశీలన: ఫోటోలో నెహ్రూ కనిపించడం లేదు, తేదీ తేలలేదు."

జలఉష ఓడను నెహ్రూ సముద్రంలోకి దించింది 1948 మార్చి 14న. ఆ సంగతి తెలుసు కదా అని ఫోటో కింద ఆ తేదీ వేసేస్తే పని అయిపోయినట్టే అనిపిస్తుంది. కానీ అది ఇంకో రోజు తీసిన ఫోటో కావచ్చు. ఇప్పుడు ఒకరు ఊహించి వేసిన తేదీ పదేళ్ళ తర్వాత సాక్ష్యంగా చలామణీ అవుతుంది. మూడు గడులు వేరుగా ఉంటే రేపు ఇంకెవరో అదే రోజు ఫోటో ఇంకోటి తెచ్చినప్పుడు పోల్చి తేల్చుకోవచ్చు.

మూడో పని: మనుషుల మాట

ఎవరితో మొదలుపెట్టాలి అన్న టెన్షన్ వద్దు. వయసు లెక్కన జాబితా రాసుకుని పైనుంచి కిందికి రండి. జాలరిపేటలో తెప్పల కాలం చూసినవాళ్ళు, పోర్టు కూలీలు, కిరండూల్ రైలు లైను వేసినప్పుడు పనికి వెళ్ళినవాళ్ళు, 1966 'విశాఖ ఉక్కు' ఉద్యమంలో కాలేజీ పిల్లలుగా ఉన్నవాళ్ళు అందరూ మన చుట్టూనే ఉన్నారు. అన్నిటికంటే ముందు నిర్వాసితులు. ఇందిరాగాంధీ ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన చేసింది 1971 జనవరి 20న. ఆ నేల మీద ఉన్న ఊళ్ళ గుడి, చెరువు, కల్లం, శ్మశానం ఎక్కడెక్కడ ఉండేవో చెప్పగలిగినవాళ్ళు ఇప్పుడు అగనంపూడి, వడ్లపూడి, పెదగంట్యాడ వైపు కాలనీల్లో ఉన్నారు. ఉద్యమం గురించి, ఫ్యాక్టరీ గురించి చాలా రాశారు. ఊళ్ళ గురించి రాసింది తక్కువ.

ఏ సంవత్సరం అని నేరుగా అడగొద్దు. ఎవరికీ గుర్తుండదు, పైగా గుర్తులేదని చెప్పడం నామోషీగా భావించి ఏదో ఒకటి చెప్పేస్తారు. ఊరంతటికీ గుర్తున్న సంఘటనలతో ఒక చిన్న పట్టీ తయారు చేసుకోండి: 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు బాంబులు వేయడం, ఉక్కు ఉద్యమంలో 1966 నవంబరు 1 కాల్పులు, 1971 డిసెంబరులో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిన రోజుల్లోని బ్లాకౌట్, ఎమర్జెన్సీ, 1997 సెప్టెంబరులో రిఫైనరీ మంటలు, 2014 హుద్‌హుద్ తుపాను. "మీ పెళ్ళి బ్లాకౌట్ ముందా, తర్వాతా?" అంటే టక్కున చెబుతారు. "అప్పటికి మీ పెద్దోడు పుట్టాడా?" అంటే ఇంకా దగ్గరకు వస్తారు.

రికార్డింగుకు ఫోను చాలు. ఫ్లయిట్ మోడ్‌లో పెట్టండి, కాలర్‌కు తగిలించే చిన్న మైకు ఒకటి కొనండి. ఫ్యాను ఆపమని అడగడం విశాఖ ఉక్కపోతలో కొంచెం కష్టమే. పొద్దున్న ఎనిమిదింటికి వెళ్తే ఆ ఇబ్బంది తక్కువ. రికార్డింగు మొదట్లోనే తేదీ, స్థలం, ఇద్దరి పేర్లు చెప్పి, "ఇది సంఘం దగ్గర ఉంటుంది, నలుగురూ వింటారు, మీకు సమ్మతమేనా?" అని అడిగి జవాబు కూడా రికార్డు చేయండి. భూమి తగాదాల సంగతి వస్తే, ఆ భాగం ఎవరికీ వినిపించొద్దంటే, సరే అని రిజిస్టరులో అలాగే రాయండి.

ప్రశ్న చిన్నదిగా, చూపించగలిగేదిగా ఉండాలి. "ఆ రోజుల్లో జీవన విధానం ఎలా ఉండేది?" అంటే "బాగుండేది బాబూ" అని ఊరుకుంటారు. అదే ఇలా అడిగి చూడండి:

"తాతా, మీ ఊరు ప్లాంటులో ఇప్పుడు ఎక్కడికొస్తుంది?"

"పొగ్గొట్టం అగుపడతాది సూడు, దానికి ఇవతల మా కల్లం."

"కల్లం నుంచి చెరువుకు ఎటు వెళ్ళాలి?"

"తూరుపుకే. మర్రిమాను కాడ తిరగాల."

వెంటనే ఒక తెల్ల కాగితం, స్కెచ్ పెన్ను ఆయన చేతికివ్వండి. గీయలేనంటే ఆయన చెబుతుంటే మనవడు గీస్తాడు. అలా నలుగురితో విడివిడిగా గీయించి పక్కపక్కన పెడితే ఎవరి బొమ్మలో ఏ వీధి లేదో తెలుస్తుంది. చాలాసార్లు ఒక కులం వాళ్ళు గీసిన పటంలో ఇంకో కులం వాడ ఉండదు. అది తప్పు అని దిద్దకండి, అదే ఒక సమాచారం. పాత టోపోషీటు (సర్వే శాఖ వేసిన వివరమైన పటం) దొరికితే ఆ తర్వాతే పోల్చండి. ముందే చూపిస్తే జ్ఞాపకం పటానికి తగ్గట్టు మారిపోతుంది.

మాటలు కాగితం మీద పెట్టేటప్పుడు 'అగుపడతాది'ని 'కనిపిస్తుంది'గా మార్చొద్దు. ఉత్తరాంధ్ర మాట అచ్చులో దొరికేదే తక్కువ. గంట రికార్డింగు రాయడానికి ఒక పూట పైనే పడుతుంది. వారానికి ఒకటి మించి పెట్టుకోకండి, లేకపోతే రాయని ఆడియోలు గుట్టలు పడతాయి.

నాలుగో పని: వీధులు, సమాధులు, శాసనాలు

వన్‌టౌన్‌లో ఒక వీధి తీసుకుని మొదటి ఇంటి నుంచి చివరి ఇంటి దాకా నడవండి. కోటవీధి, సోల్జర్‌పేట, బురుజుపేట అన్న పేర్లే ఇక్కడ ఈస్టిండియా కంపెనీ కోట, పటాలం ఉండేవని గుర్తుచేస్తాయి. కంపెనీ ఇక్కడ వర్తక స్థావరం పెట్టింది 1682లో. ప్రతి పాత కట్టడానికీ ఎదురు నుంచి, రెండు పక్కల నుంచి, వీలైతే వెనక నుంచి ఫోటోలు తీయండి. గుమ్మం మీద సంవత్సరం, శిలాఫలకం, కిటికీ ఇనుపకమ్మీల మీద కంపెనీ పేరు ఉంటే దగ్గర నుంచి విడిగా తీయండి. ఇంటివారి అనుమతి లేకుండా లోపలివి తీయొద్దు. కూల్చేస్తారని తెలిసిన ఇల్లు మొదట.

భీమిలిలో డచ్చివాళ్ళ సమాధుల తోట ఉంది, 17, 18 శతాబ్దాల నాటిది. డచ్చివాళ్ళు ఆ ఊరిని ఇంగ్లీషువాళ్ళకు అప్పగించింది 1825లో. అక్కడి రాళ్ళ మీద అక్షరాలు అరిగిపోయి, మధ్యాహ్నం ఎండలో చూస్తే చదును పలకలా కనిపిస్తాయి. పొద్దున్న ఏడింటికి వెళ్ళండి. ఎండ పక్క నుంచి ఏటవాలుగా పడుతుంటే ప్రతి గీతకూ నీడ వచ్చి అక్షరం లేచి కూర్చుంటుంది. మబ్బుగా ఉంటే ఒకరు టార్చిలైటును రాతికి ఆనించినంత దగ్గరగా, అడ్డంగా పట్టుకోవాలి, ఇంకొకరు ఫోటో తీయాలి. లైటు కుడి నుంచి ఒకసారి, ఎడమ నుంచి ఒకసారి, పై నుంచి ఒకసారి. సుద్ద రుద్దడం, పిండి చల్లడం, వైరు బ్రష్‌తో గీకడం, యాసిడ్ పోయడం ఎంతమాత్రం చేయొద్దు. చదివింది చదివినట్టు, పంక్తి ఏ అక్షరం దగ్గర విరిగితే అక్కడే విరిచి రాయండి. తెలియని అక్షరం చోట చుక్క పెట్టండి. భాష తెలిసినవాళ్ళు ఆ చుక్కలను తర్వాత నింపుతారు.

సింహాచలం సంగతి వేరు. అక్కడ అయిదు వందలకు పైగా శాసనాలు ఉన్నాయి, అచ్చులో కూడా వచ్చాయి. 'సౌత్ ఇండియన్ ఇన్‌స్క్రిప్షన్స్' ఆరో సంపుటం చూడండి. మనం చేయాల్సింది మళ్ళీ చదవడం కాదు, అందులో మన పేటల పేర్లు, ఊళ్ళ పేర్లు ఎక్కడెక్కడ వచ్చాయో సూచిక తయారు చేయడం. శక సంవత్సరానికి 78 కలిపితే క్రీస్తుశకం వస్తుంది. కులోత్తుంగ చోళుడి కాలం నాటి శక 1020 అంటే 1098, శ్రీకృష్ణదేవరాయల శక 1438 అంటే 1516. ఏడాది చివరి నెలల తిథి అయితే ఒక సంవత్సరం ముందుకు జరగవచ్చు. కాగితం తడిపి రాతికి అద్ది సిరాతో అచ్చు తీసే పని పురావస్తు శాఖ శిక్షణ ఉన్నవాళ్ళది. అనుమతి లేకుండా మనం దాని జోలికి పోకూడదు.

కథలను కూడా వదలొద్దు. బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి విగ్రహం బావిలో దొరికిందని, రోడ్డు కోసం పక్కకు జరిపితే ఊళ్ళో ప్లేగు వచ్చిందని, మళ్ళీ పాత చోటే పెట్టారని చెబుతారు. దాన్ని స్థలకథగా, చెప్పినవారి పేరుతో రాసుకోండి. విగ్రహం జరపడం, రోడ్డు వెడల్పు, ప్లేగు అనేవి మునిసిపాలిటీ కాగితాల్లోనూ, అప్పటి పత్రికల్లోనూ వెతకదగ్గ ప్రశ్నలు. కథను కొట్టిపారేసే సభ్యుడూ, కథనే చరిత్రగా అచ్చేసే సభ్యుడూ సంఘానికి సమానంగా చేటు చేస్తారు.

ఇక పాత నాణెం, విగ్రహం, కుండపెంకు దొరికితే? ఇంటికి తెచ్చుకోవద్దు, సంఘం బీరువాలో కూడా పెట్టొద్దు. నేలలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి నిధి చట్టం చెబుతోంది. వందేళ్ళు దాటిన కళావస్తువులకు 1972 పురావస్తువుల చట్టం ఉంది. ఉన్నచోటే పక్కన స్కేలు పెట్టి ఫోటో తీసి, ఫోనులో లొకేషను నమోదు చేసి, తహసీల్దారుకు రాతపూర్వకంగా చెప్పండి. తొట్లకొండ, బావికొండ, బొజ్జన్నకొండ వంటి రక్షిత స్థలాల్లో ఒక రాయి పక్కకు పెట్టినా నేరమే. కేంద్ర రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతం, దాని తర్వాత మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. పక్కన ఎవరైనా కట్టడం మొదలుపెడితే అభ్యంతరం చెప్పడానికి ఈ కొలతలు గుర్తుంచుకోవాలి.

అయిదో పని: ఇళ్ళలోని కాగితాలు

పెళ్ళి శుభలేఖలు, జమాఖర్చు పుస్తకాలు, దస్తావేజులు, రంగం (బర్మాలోని రంగూన్) నుంచి వచ్చిన ఉత్తరాలు ట్రంకు పెట్టెల్లో ఉంటాయి. వాటిని బయటికి తీసుకెళ్ళొద్దు. వాళ్ళింట్లోనే, వాళ్ళ ఎదురుగానే స్కాన్ చేసి అప్పుడే తిరిగి ఇచ్చేయండి. ఒక్క కాగితం పోయిందన్న మాట వస్తే ఆ వీధిలో ఇంకో తలుపు తెరుచుకోదు. స్కానరులో స్పష్టత కాగితాలకు 300 డీపీఐ, ఫోటోలకు 600 పెట్టండి. ఫోటో వెనక రాయాల్సి వస్తే మెత్తటి పెన్సిల్‌తో అంచున రాయండి. సెల్లోటేపు, లామినేషన్ రెండూ కాగితానికి శత్రువులే. సముద్రపు గాలిలో తేమ, ఉప్పు ఎక్కువ కాబట్టి ఇంటివాళ్ళకు సిలికాజెల్ సంచులు నాలుగు ఇచ్చి రండి. శాలువా కంటే అది ఎక్కువ పనికొస్తుంది.

స్కాన్లకు మూడు కాపీలు ఉండాలి: రెండు వేర్వేరు హార్డ్‌డిస్కుల్లో, మూడోది ఊరికి దూరంగా ఉన్న సభ్యుడి ఇంట్లోనో క్లౌడ్‌లోనో. హుద్‌హుద్ చూసిన ఊరికి ఇది వివరించి చెప్పక్కర్లేదు.

ఆరో పని: సర్కారు కాగితాలు, పాత పుస్తకాలు

కార్‌మైకేల్ 1869లో తెచ్చిన జిల్లా మాన్యువల్, ఫ్రాన్సిస్ 1907 గెజిటీరు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతాయి. రెండూ చదవాల్సినవే, రెండిటినీ నమ్మాల్సిన పని లేదు. కలెక్టరు కచేరీలో కూర్చుని చూసిన ఊరు వేరు. 1780 అక్టోబరు 3న సిపాయిలు ఓడెక్కి మద్రాసు వెళ్ళి హైదరాలీ మీద పోరాడబోమని ఇక్కడే తిరగబడ్డారు. దాన్ని దొరల కాగితాలు ఒకలా చెబుతాయి. సిపాయిల వైపు నుంచి ఎవరూ రాసి పెట్టలేదు. వెతికేటప్పుడు దొరల వర్ణక్రమం వాడండి: విజగపటం (విశాఖపట్నం), బిమ్లిపటం (భీమిలి), చికాకోల్ (శ్రీకాకుళం), వాల్టేర్ (వాల్తేరు). మన రైల్వే స్టేషనే 1987 దాకా వాల్తేరు.

డాబాగార్డెన్స్‌లో 1840లో గోడే వెంకట జగ్గారావు ఖగోళ పరిశోధనశాల పెట్టారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు 1874లో శుక్రగ్రహం సూర్యబింబం మీదుగా దాటడాన్ని అక్కడి నుంచే గమనించారు. ఇప్పుడు ఆ రోడ్డున వెళ్ళేవాళ్ళకు ఆ సంగతి తెలియదు కానీ అప్పటి శాస్త్ర పత్రికల్లో అచ్చయి ఉంది. నేల మీద చెరిగిపోయినవి ఇలా కాగితం మీద దొరుకుతాయి.

గ్రామాల విషయానికి వస్తే ఎఫ్‌ఎంబీ (పొలాల కొలతల పటాలు), అడంగల్ (ఏటా సాగు లెక్క), ఆర్‌ఎస్‌ఆర్ (సర్వే నంబరు వారీగా భూముల రిజిస్టరు) పుస్తకాలు బంగారు గనులు. పాత లెక్కల్లో ఫసలీ సంవత్సరాలు ఉంటాయి. ఫసలీకి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది, అయితే లెక్క జులై నుంచి మొదలవుతుంది. ఫసలీ 1350 అంటే 1940 జులై నుంచి 1941 జూన్ దాకా. నకళ్ళు మామూలుగా ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద సర్వే నంబరుతో సహా అడగండి. "మా ఊరి చరిత్ర ఇవ్వండి" అంటే ఇవ్వరు. పాత తెలుగు దినపత్రికల కోసం ప్రెస్ అకాడమీ డిజిటల్ భాండాగారం, పుస్తకాల కోసం ఆంధ్ర విశ్వవిద్యాలయంలోని డాక్టర్ వి.ఎస్. కృష్ణా గ్రంథాలయం చూడండి.

ఏడో పని: నడక, సంచిక

నడకలు నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, ఆదివారం పొద్దున్న ఆరుకు. పాతిక మంది మించొద్దు, వన్‌టౌన్ సందుల్లో అంతకంటే పట్టరు. ముందు ఒకరు, వెనక ఒకరు. రేవు పక్కన వెంకటేశ్వరస్వామి కొండ, రాస్ హిల్ చర్చి, దర్గా కొండ మూడూ కలిపి ఒక నడక వేస్తే బావుంటుంది. ముగ్గురు నిర్వాహకులకూ వారం ముందే చెప్పి, ప్రార్థన వేళలు తప్పించండి. ఒక్కో చోట అయిదు నిమిషాలు మించి మాట్లాడొద్దు. మధ్యలో టీ ఆపితే అక్కడే అసలు సమాచారం రాలుతుంది, రిజిస్టరు వెంట ఉండాలి.

సంచిక ఏడాదికి రెండు చాలు, ఎనిమిది పేజీలు. ప్రతి వ్యాసం కింద రిజిస్టరు నంబర్లు వేయండి. పాత సంచికలో తప్పు ఉంటే కొత్త సంచిక మొదటి పేజీలోనే దిద్దుబాటు. ఫోటోకు మన దేశంలో అచ్చయిన నాటి నుంచి 60 ఏళ్ళు కాపీరైటు ఉంటుంది, ఇంట్లోవాళ్ళ అనుమతి దానికి అదనం.

డబ్బు, బీరువా తాళం

చందా అందరూ కట్టగలిగేంత పెట్టండి. ఏ పార్టీ నాయకుడి ఫోటో వేస్తామన్నా ఆ డబ్బు వద్దు. తర్వాత వీధి పేర్ల మీద వాదన వచ్చినప్పుడు మీ మాట ఎవరూ వినరు. విరాళాలకు పన్ను రాయితీ కావాలంటే ఆదాయపు పన్ను శాఖలో నమోదు సంగతి ఆడిటరు చూసుకుంటారు.

ఒక నియమం మాత్రం మొదటి రోజే నియమావళిలో రాయండి: సంఘం మూతపడితే రిజిస్టరు, స్కాన్లు, రికార్డింగులు ఎక్కడికి వెళ్తాయి. కార్యదర్శి ఇంటి అటక మీదికి కాకూడదు. విశ్వవిద్యాలయ గ్రంథాలయమో జిల్లా కేంద్ర గ్రంథాలయమో తీసుకుంటామని ముందే లేఖ ఇస్తే దాని నకలు రిజిస్టరు మొదటి పేజీకి అతికించండి. పాస్‌వర్డులు ఇద్దరికి తెలిసి ఉండాలి, ఆ ఇద్దరూ ఒకే ఇంటివాళ్ళు కాకూడదు. హార్డ్‌డిస్కులు ఏడాదికోసారి తెరిచి ఫైళ్ళు చదవగలుగుతున్నాయో లేదో చూసి, చూసిన తేదీ రిజిస్టరులో వేసి సంతకం పెట్టండి. అయిదారేళ్ళకు కొత్త డిస్కుకు మార్చండి.